వివరం: కోటు

కోర్టు ముద్ర కాగితం మీద ఉబ్బెత్తుగా ఉంటుంది,
కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.
నకళ్ళు ఆరు కొన్నాను. ఒకటి బ్యాంకువాళ్ళే పోగొట్టారు.
గాజుపలక వెనక కుర్రాడు
'ఆవిడ చేత ఒక్క మాట చెప్పించగలరా' అన్నాడు.
చెప్పగలిగితే, నాయనా, నేనిక్కడికెందుకొస్తాను?

మూడోసారి వెళ్ళినప్పుడు ఖాతా పేరు మారింది:
డిప్యూటీ రోవీనా స్టాథర్,
ఎనిడ్ బ్లాంచర్డ్‌కు బదులు.

బదులు.
మా మేనత్తకు బదులు నేను,
ఆమె తలనొప్పికి నేను మాత్ర మింగినట్టు.
ఇది ఎన్నాళ్ళకని తీసుకున్న చేబదులో,
ఎవరు ఎవరికి తీర్చాలో
ఉత్తర్వులో రాసి లేదు.

ఇప్పుడు నా సంచిలో రెండు పర్సులు.
ఎర్రది నాది, నల్లది ఆమెది.
అక్టోబరులో ఒకరోజు, వానలో, తొందరలో,
ఆమె చెప్పులతోపాటు నా పాలసీసా కూడా
నల్లపర్సులోంచి పోయింది.
ఒక పౌండు ముప్ఫై పెన్నీలు.
ఆ రాత్రి నిద్రపట్టక లేచి
తిరిగి జమకట్టి, రసీదు వెనక కారణం రాశాను.
ఏడాది చివర లెక్క అడిగే ఆఫీసుకి
నేను దొంగనో దొరనో అక్కర్లేదు,
కూడిక సరిపోవాలి.

గ్రిమ్స్‌బీ బస్సుల్లో పద్దెనిమిదేళ్ళు
టికెట్లు కొట్టిన మనిషి ఎనిడ్ అత్త.
నాణెం చూడకుండా బరువుతో చెప్పేది.
రెండంతస్తుల బస్సు మలుపు తిరుగుతుంటే
దేన్నీ పట్టుకోకుండా నిలబడి
చిల్లర ఎంచేది.
ఇప్పుడు క్లీథార్ప్స్‌లో, సముద్రం వైపు గదిలో,
బిస్కెట్లు నాలుగేసి పేర్చి
చెయ్యి చాస్తుంది: 'ఎక్కడ దిగాలి?'

ఆమె పాత స్టేట్‌మెంట్లు రేకు డబ్బాలో దొరికాయి.
గ్యాసు, నీళ్ళు,
తన అంత్యక్రియలకు తానే ముందుగా కడుతున్న వాయిదా,
దిక్కులేని పిల్లులకో ట్రస్టు.
ఆపైన నెలనెలా పద్నాలుగో తారీకున అయిదు పౌండ్లు:
ఆర్. ఆస్గర్బీ. వివరం: కోటు.

డబ్బా అడుగుదాకా తీశాను.
పసుపెక్కిన కాగితంలోనూ అదే పేరు, అదే కోటు.
ఎంత ఖరీదు కోటయితే
ముప్ఫై ఒక్క ఏళ్ళు పడుతుంది తీరడానికి?
బ్యాంకు చెప్పదు, చెప్పకూడదట.
నాన్న ఉంటే తెలిసేదేమో.
అత్తనే అడిగాను. చాలాసేపు కిటికీలోకి చూసి
'ఇంకా ఉంది' అంది.
కోటా, బాకీయా, ఆ మనిషా,
ఏది ఉందో చెప్పలేదు.

ఫారంలో ఉన్నవి రెండు గడులు.
కానుకయితే హద్దుంది, పుట్టినరోజో పెళ్ళో కావాలి.
అప్పయితే పత్రం కావాలి.
పెన్ను మూత తీసి, పెట్టి, టీ కాచుకుని,
చల్లారిపోయాక
అప్పు గడిలోనే రాశాను.
పత్రం? అన్నచోట 'ఆమె మాట' అని రాసి,
కొట్టేసి,
మళ్ళీ రాశాను.

ఫిబ్రవరిలో ఆ అయిదు పౌండ్లు తిరిగొచ్చాయి.
అవతలి ఖాతా మూసేశారట.
ఆడో మగో కూడా తెలియని ఆస్గర్బీ కోసం
బ్యాంకు మెట్ల మీద కాసేపు ఊరికే నిలబడ్డాను.
తర్వాత వెళ్ళి అత్తకు చెప్పాను, మెల్లగా, చెవి దగ్గర.
ఆమె నా కోటు అంచు పట్టుకుని
బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసింది.
'ఉన్ని కాదు' అంది.

ఆపమని రాయడానికి ఒక్క సంతకం చాలు.
రాయలేదు.
పద్నాలుగున పోతాయి, పదిహేడుకల్లా వస్తాయి.
ఖర్చు అయిదు. జమ అయిదు.

జూన్‌లో పైఆఫీసు నుంచి ఫోను:
'ఈ కోటు ఏమిటి, మిసెస్ స్టాథర్?'
'కూడిక సరిపోయింది కదా' అన్నాను.
అవతల కొంతసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత ఎవరో
ఏదో టైపు చేస్తున్న చప్పుడు.