తడిరాత

మా ఇంట్లో ఆచారాలన్నీ వద్దులే.
మంగళారం గోళ్ళు తీయొద్దు,
దీపాలు పెట్టినాక కసువు ఊడ్చొద్దు,
గడప మీద కూచోవద్దు, వాకిట్లో తల దువ్వొద్దు.
మా నాయన నాకిచ్చిన ఆస్తి అదే.
ఇంకొకటి, ఏ ఎద్దుకూ కట్టని మువ్వలపట్టీ.

నా పిల్లోళ్ళకు ఒక్కటన్నా
'చెయ్యండి' అని ఇయ్యాలని ఉండేది.
ఏం ఇయ్యాలో తెలీక ఊరకుండినా.

ఎర్రగుంట్లలో బండలు కోసే పని నాది.
యార్డులో మూల విరిగినవి, పగులిచ్చినవి
ఓనరును అడిగి ఒక్కోటి తెచ్చి వాకిట్లో పరిచినా.
ఏదీ ఇంకోదానికి సరిగ్గా అతకదు,
మా ఇంటి మనుషుల మాదిరే.

మే నెల. కరెంటు లేదు.
పొద్దు గూకినా బండ పెనం లెక్క కాగుతానే ఉంది.
చెంబుతో నీళ్ళు చల్లుతాంటే
పెద్దది జోషిత వేలు ముంచి ఏందో రాసింది.
"టీచరు నన్ను కొ..."
మిగతాది నేను వంగేలోపల ఆరిపోయింది.

నోటితో అయితే చెప్పేది కాదు ఆ పిల్ల.
నేనూ అడిగేవాణ్ణి కాదు.
రంపం కాడ పదకొండేండ్లు,
ఇంటికొచ్చినా చెవుల్లో రాయి తెగుతానే ఉంటాది.

మర్నాడు చెంబు వాళ్ళే తెచ్చినారు.
మూడో దినానికి కట్టుబాట్లు పుట్టినాయి.
రాత ఆరేదాకా ఎవరూ మాట్లాడొద్దు.
ఆరినాక తిట్టొద్దు.
వాటిలోనూ రెండు వద్దులే వచ్చినాయి,
ఏం చేస్తాం, అలవాటు.

"మోకాల్లు నొప్పి" అని రాసినా నేను.
"మోకాళ్ళు, నాయనా" అని దిద్దింది జోషిత,
అప్పటికి 'మో' ఆరిపోయింది.
సుభాషిణి మొదటి దినం రాసింది:
"పప్పులో ఉప్పు ఎక్కువని నాకూ తెలుసు."
ఇంకో మాపు ఆమె రాసింది మీకు చెప్పను.
బండ గబుక్కున తాగేసింది గానీ
నేను అంతకంటే గబుక్కున చదివినా.
అప్పటినుంచి బేస్తవారం ఇంటికి పెందలాడే వస్తాండా.

చిన్నోనికి అక్షరాలు రావు.
దినమూ ఒక సున్నా గీస్తాడు.
ఒకనాడది దోసె, ఒకనాడు బస్సు చక్రం,
ఒకనాడు బాగా ఆలోచించి "నాయన" అన్నాడు.
మధ్యలో ఏమీ లేదేందిరా అంటే
"నువ్వు పనికి పోయినావు గదా."

జేజి మంచం మీంచి నవ్వేది.
"ఆరిపోయేదానికి రాసేదెందుకు?
ఆచారమంటే ఓలిగలన్నా ఉండాల, టెంకాయన్నా కొట్టాల.
ఇదేం ఆచారం, నీళ్ళు దండగ."
మా వీధికి నీళ్ళు మూడు దినాలకోసారి.
ఆమె అనేది తప్పేం కాదు.
అందుకని బియ్యం కడిగిన నీళ్ళు ఎత్తిపెట్టినాం.

పోయిన నెల, పింఛను దినం.
ఏలిముద్రల మిషను జేజి వేలిని నాలుగుసార్లు కాదనింది.
శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలు అరిగినాయంట.
పింఛనిచ్చే పిల్లోడు మళ్ళీ వస్తాలే అవ్వా అని పోయినాడు.
ఆ మాపు జేజి మంచం దిగి,
గోడ పట్టుకోని వాకిట్లోకొచ్చి,
"ఏదీ, చెంబు" అనింది.

బొటనేలు ముంచి బండ మీద అదిమింది.
ఎవరూ అడగని ఏలిముద్ర.

"జేజి గూడా సున్నానే రాసింది!"
కట్టుబాటు మర్చిపోయి అరిచినాడు చిన్నోడు.
జోషిత వాని నోరు మూసింది.
అంచుల నుంచి లోపలికి
మెల్లగా, తొందర లేకుండా ఆరింది.
ఎదురింటోళ్ళ టీవీ, దూరంగా సిమెంటు లారీలు,
మేము ఐదుగురం వంగి.

ఆరినాక జేజి,
"రేపు ఇట్ల అడుగున కాదు, చెంబు నిండా తెండి"
అని పోయి పండుకునింది.

పొద్దున చూస్తే
నల్లబండ మీద బియ్యంనీళ్ళ మరక,
బొటనేలంత, తెల్లగా.
సుభాషిణి కసువు ఊడుస్తా ఊడుస్తా వచ్చి
దాని చుట్టూ ఊడ్చింది.