పాల క్యాలెండరు

మలక్‌పేటలో మా ల్యాబు
పొద్దున ఆరింటికే తెరుస్తారు.
పరగడుపున వచ్చినవాళ్ళ చేతుల్లో
నరం వెతకడం నా పని.
"భయపడకండి, చీమ కుట్టినట్టే"
రోజుకి అరవైసార్లు అంటాను.

రియేజెంట్ల గది మరీ చిన్నది.
ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఇద్దరికి చోటుండదు.
ఆయన సరిగ్గా అప్పుడే
స్టాకు చూడ్డానికొస్తాడు.

ఏం జరిగిందో చెప్పమంటే
ఏమీ జరగనట్టే ఉంటుంది.
భుజం మీద చెయ్యి. ఒక జోకు.
రాత్రి పదకొండుకి "తిన్నావా" అని మెసేజి.
జవాబివ్వకపోతే మర్నాడు
ఇంటింటి శాంపిళ్ళ డ్యూటీ,
మే నెల ఎండలో, సంతోష్‌నగర్ దాకా.

"సర్ అందరితో అంతే, ఫ్రీగా ఉంటారు"
కీబోర్డు మీంచి తలెత్తకుండా అంది నౌషీన్.
తను మాత్రం ఆ గదిలోకి
ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళదు.

ఊడ్చే బాలమణక్క ఏమీ అడగలేదు.
మాప్ బకెట్ తెచ్చి
ఆ గుమ్మంలోనే పిండడం మొదలుపెట్టింది.
నల్లనీళ్ళు. ఆయన బూట్లు.
"జరుగు సారూ, తడి ఉన్నది, జారతవ్."

ఒక మధ్యాహ్నం, అన్నం తినే వేళ,
సంచిలోంచి పాలవాడి క్యాలెండరు తీసింది.
పాలు రాని రోజులకి సున్నాలు.
వాటి పక్కన ఎర్ర రీఫిలుతో నిలువు గీతలు.
"గియ్యి పాలయి కావు బిడ్డా.
నువ్వు గా రూంలకెల్లి ఉరికొచ్చి
మొకం కడుక్కున్న దినాలు.
నాకు రాసుడు రాదు, గీసుడొస్తది."

పదకొండు.
నా లెక్కలో ఏడే.

కలెక్టరాఫీసు ఫారంలో
"సంఘటన వివరాలు" కింద అయిదు గీతల జాగా.
ముసలివాళ్ళ కనపడని నరాన్నీ
ఒక్క పోటుకే పట్టే నా చెయ్యి
"శనివారం" అన్న మాట దగ్గర ఆగిపోయింది.

కమిటీ మేడం లేచి ఫ్యాను తగ్గించింది.
"తెల్లకాగితాలు తీసుకో, ఎన్నైనా.
ముందే ఎందుకు చెప్పలేదని ఇక్కడెవరూ అడగరు."
కాసేపాగి,
"అడిగితే నాకు చెప్పు" అంది.

తేలడానికి మూడు నెలలంటున్నారు.
ఆయన కుర్చీ అక్కడే ఉంది, ఆయనా ఉన్నాడు.
నేనడిగితే నన్ను చంపాపేట బ్రాంచికి మార్చారు.
ఇక్కడ ఫ్రిజ్ హాల్లో ఉంది.

నిన్న రాత్రి నౌషీన్ ఫోన్.
చాలాసేపు టీవీ చప్పుడే వినపడింది.
"అక్కా, ఆ క్యాలెండర్లో
నా గీతలు కూడా ఉన్నాయా?"

నావి ఎర్రవి.
పక్కన నీలంవి కొన్ని చూశాను.
పెరుగు ప్యాకెట్ల లెక్కేమో అనుకున్నాను.