మిగులు ముక్క

ఆ పార్కుకి మొదటి పచ్చదనం నేనే వేశాను,
మూడో నంబరు బ్రష్షుతో,
ట్రేసింగు కాగితానికి వెనకవైపు నుంచి.
ముందునుంచి వేస్తే సిరా గీతలు చెదురుతాయి.

నూట పద్దెనిమిది ప్లాట్లు కోశాక
పెందుర్తి రోడ్డుకి ఇవతల ఒక ముక్క మిగిలింది.
పైన హైటెన్షన్ తీగలు, పక్కన గెడ్డ,
ఏ వాస్తుకీ ఒప్పని మూడు మూలలు.
ఎవరూ కొనరు.
"దానికి పచ్చరంగు కొట్టీవోయ్" అన్నారు
మా పాణిగ్రాహి గారు,
టీ గ్లాసు నా నక్షా మీదే పెట్టి.
పదో వంతు చూపించాలి కదా, రూలు.
గ్లాసు మరక పడ్డచోట
నేనొక చెట్టు గుర్తు వేశాను.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుకి
దొరికిన ఇల్లు ఆ లేఔట్‌లోనే, తొంభై ఆరో నంబరు.
షుగరుకి నడకే మందన్నాడు డాక్టరు.
ఇప్పుడు పొద్దున్నే అయిదింటికి
నేను గీసిన గీతల మీద నేనే నడుస్తున్నాను.
కాగితం మీద అంగుళంన్నర,
కాళ్లకి నూట యాభై అడుగులు.
చివర ఒక సన్నటి మూల, ముప్ఫై ఏడు డిగ్రీలు, నాకు గుర్తే.
అక్కడ అందరూ నెమ్మదిస్తారు.
ఎదురొచ్చే మనిషికి దారిస్తూ
భుజం కాస్త పక్కకి తిప్పుతారు.
ఈ భుజాల సంగతి
కోణమానినిలో కనబడలేదు.

సముద్రం ఇక్కడికి పదహారు కిలోమీటర్లు.
అయినా ఉప్పుగాలి ఓపెన్ జిమ్ము బోల్టుల్ని
వెతుక్కుంటూ వస్తుంది.
సిమెంటు జింకకి ఒక చెవి లేదు.
హుద్‌హుద్‌కి పడిపోయినవాటి స్థానంలో పాతిన
ఏడాకులపాలలు
కార్తీకంలో రాత్రిళ్లు తలనొప్పి పూస్తాయి.

నూకరత్నం పైపు పట్టుకుని నిలబడుతుంది.
కాంట్రాక్టు మనిషి, జీతం మూడు నెలలకోసారి.
అన్ని మొక్కలకీ నీళ్లు పెడుతుంది,
ఒక్క గెడ్డవైపు మూలకి తప్ప.
ఎందుకని అడిగాను.
"అక్కడ ఊటున్నాది బాబూ.
రోహిణీ కార్తెలో కూడా కాలు దిగిపోద్ది.
కాయితాలు గీసినోడెవుడో
సూసుకోనేదు."

నేను జింక చెవి లేని వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ ఊట పక్కన పొన్నగంటి కూర మొలుస్తుంది.
డ్యూటీ అయ్యాక కొంగులో కట్టుకుని పోతుంది.
పువ్వులు కోయరాదని బోర్డులో ఉంది.
కూర గురించి ఏమీ లేదు.

సర్వే నాడు నేను దిగనేలేదు.
జీపు గట్టు మీద ఆగింది.
చైన్‌మన్ గవర్రాజు లోపలికి వెళ్లి
మోకాలు దాకా బురదతో తిరిగొచ్చి
"అటు మీరు రాకండి సార్, బూట్లు పాడైపోతాయి" అన్నాడు.
నావి కొత్త బూట్లు.
మధ్యాహ్నం జీడితోపు నీడలో పులిహోర తిన్నాం.
ఆఫీసుకొచ్చి గెడ్డని స్కేలు పెట్టి గీశాను.
ఉన్న వంకర ఉన్నట్టు వేస్తే
రెండు ప్లాట్లు పోతాయి.

నిన్న వాయుగుండం.
రాత్రి ఎనిమిదింటికి రోజూలాగే గేటుకి తాళం పడింది.
తెల్లారేసరికి గెడ్డ లోపలుంది.
గోడ దాటి, ఉయ్యాల కిందుగా,
జింక కడుపుని ఒరుసుకుంటూ
తన పాత వంపులో, ఎవర్నీ అడక్కుండా.
నలభై, నలభై ఒకటి నంబర్ల వాళ్లు
వరండాలోంచి బక్కెట్లతో తోడుతున్నారు.
ఆ ఇళ్లలో ఒకరి గృహప్రవేశానికి
భోజనం చేశాను నేను.

కప్పలకి మాత్రం పండగ.
నూకరత్నం చీర ఎగ్గట్టి
కూర మొలిచిన చోటుని కాళ్లతో తడుముతోంది.
"తాళమేస్తే ఆగుద్దేటి, పిచ్చి ముండాకొడుకులు" అంది,
మున్సిపాలిటీనో, నన్నో.

గేటు రేకు మీద వాన నీళ్లు ఇంకా పొరలా ఉన్నాయి.
చూపుడువేలితో ఆ వంపు గీద్దామనుకున్నాను.
రెండుసార్లు తుడిచేశాను.
చెయ్యి తిన్నగానే పోతోంది.