జీతం చీటీలో సైకిలు

హల్ ఊరు అరచేయంత చదును.
ఎత్తూ లేదు, పల్లమూ లేదు.
ఉన్నదల్లా ఎదురుగాలి,
అది సముద్రం మీంచి రోజూ డ్యూటీకొస్తుంది.
చేపల ఫ్యాక్టరీ మేడమీద
జీతాలు లెక్కగట్టే విల్ఫ్‌ని నేను.
ఆదివారం కూడా నా చొక్కా వాసన నన్ను పట్టిస్తుంది.

కొత్త పథకం వచ్చింది.
కంపెనీ సైకిలు కొనిస్తుంది,
నెలనెలా జీతంలో కోసుకుంటుంది.
పన్నువాడి కత్తెర కంటే
మా కత్తెర ముందు పడుతుంది,
అంతే కిటుకు.

డైరెక్టరు హంఫ్రీ వెదరిల్
పన్నెండొందల పౌండ్లది ఎంచుకున్నాడు.
ఆయనది పై శ్లాబు, ఐదొందల నాలుగు మిగిలాయి.
అదే సైకిలు, అదే నీలం,
నాకు మిగిలినవి మూడొందల ముప్పయ్యారు.

ఎడ్నా గార్బట్ నేల తుడుస్తుంది.
కనీస వేతనం గీత మీద
మునివేళ్ళతో నిలబడింది ఆమె జీతం.
ఒక్క పెన్నీ కోసినా చట్టం ఒప్పుకోదు.
ఆమెను కాచే చట్టమే ఆమెకు గేటు వేసింది.
ఈ మాట చెప్పడానికి మూడుసార్లు కిందికి దిగి
మూడుసార్లూ టీ తాగి పైకొచ్చేశాను.

వడ్డించేవాడు మనవాడైతే
ఏ పంక్తిలో కూర్చుంటేనేం అంటారు.
వడ్డించేది నేనే.
గరిటె మాత్రం లండన్‌లో ఉంది.

పొద్దస్తమానం సైకిలు మీదే బతికే
టెస్ఫాయ్ మా గేటు దగ్గర అన్నం పొట్లాలిస్తాడు.
అతనికి యజమాని లేడు, ఫోనులో యాప్ ఉంది.
యాప్ దగ్గర ఫారం లేదు.

వెదరిల్‌ని తిట్టుకుందామని
నవంబరంతా కిటికీ దగ్గర కాపు కాశాను.
మంచు కలిసిన వానలో వచ్చాడు, రోజూ వచ్చాడు,
ముక్కు ఎర్రగా, వీపు మీద నిలువునా బురద చార.
ఆయన కారుండే చోట
ఇప్పుడు సముద్రపు కాకులు పోట్లాడుకుంటున్నాయి.
తిట్టు నోట్లోనే నానిపోయింది.

నా సంగతా?
డాక్టరు నా రక్తపోటు చూసి
మిషను పాడైందేమోనని ఇంకొకటి తెప్పించాడు.
పింఛనులో ఎంత తరుగుతుందో కూడా లెక్కగట్టాను.
ఆ కాగితం డ్రాయర్లో ఉంది, మడిచి.

మార్చిలో ప్యాకింగ్ షర్లీన్ పని మానేసింది.
మిగిలిన ఏడు వాయిదాలూ
ఆఖరి జీతంలో, ఈసారి పన్ను పడ్డాక,
ఒక్కసారే కోసింది ఈ చెయ్యే.
ఆ సైకిలు మీదే వెళ్ళిపోయింది.
బెల్లు కూడా కొట్టలేదు.

నిన్న రాత్రి షిఫ్టు దిగుతుంటే
స్టాండు దగ్గర ఎడ్నా.
చనిపోయిన మొగుడి సైకిలట,
తుప్పు తప్ప మరో రంగు లేదు.
"పంపుందా నీ దగ్గర?"
ఉంది. నా సైకిలుతోపాటు పన్ను లేకుండా వచ్చింది.
కొట్టబోతే లాక్కుంది,
తనే వంగి కొట్టుకుంది.
నాలుగో పోటుకి ఆగి, ఆయాసపడుతూ,
"గాలి మీదైతే పన్ను లేదుగా, విల్ఫ్?"

ఇంకా లేదన్నాను.
వెనక చక్రం మాత్రం మెత్తగానే ఉంది.