బొరుగులు

గాంధీ రోడ్డు సందులో నా అంగడి,
ఇద్దరు నిలబడితే మూడోవాడు ఎండలోనే.
మధ్యాన్నం రెండింటికి వచ్చింది మునికాంతక్క,
కల్యాణకట్టలో పని.
ఘాట్ రోడ్డు బస్సు వాసన ఇంకా చీరలోనే ఉంది.
తువ్వాల్లో చుట్టిన ఫోనును
బిడ్డను ఆస్పత్రి బల్ల మీద పడుకోబెట్టినట్టు పెట్టింది.

"నీళ్ళ బకెట్లో పడింది కరీమూ."
"ఫొటోలు కావల్నా అక్కా?"
"వొద్దు."
"నంబర్లు?"
"అవీ వొద్దు. లోపల నా గాడిద ఉండాది.
దాన్ని బయటికి తియ్యి చాలు."

నవ్వొచ్చింది. ఆమె మొగం చూసి మింగేసినా.

అది ఒక ఆట.
ఉప్పు మూటలతో ఒక గాడిద, పక్కన ఒక మనిషి
ఎండిపోయిన సముద్రం మీద నడుస్తా పోతారు, అంతే.
తుపాకుల్లేవు, పాయింట్లు లేవు, మాటలు కూడా లేవు.
కొడితే గాడిద కదలదు.
ఊరికే నిలబడితే కాసేపటికి అదే వచ్చి
మోచేతిని మూతితో తోస్తుంది.
మెడ నిమిరితే ఫోను చేతిలో సన్నగా అదురుతుంది,
గుండె మాదిరి.
ఆమె దానికి పెట్టుకున్న పేరు బొరుగులు.

"పొద్దన్నుంచి తల తరవాత తల.
నా చెయ్యి పడిన చోట వెంట్రుక మిగలదు.
దీని మెడ మీద చెయ్యి పెడితే
వెంట్రుకలు లేచి నిలబడతాయి, చూసినావా ఎప్పుడన్నా?"
అని ఇంక చాలించి
నీళ్ళలో నాని తెల్లబడిన వేళ్ళను
కొంగుకు తుడుచుకుంది.

వెనక మూత తీస్తే ఆకుపచ్చ తుప్పు.
పళ్ళ బ్రష్షుతో, స్పిరిటుతో మెల్లగా రుద్దినా.
చార్జింగు గుంటలో ఇరుక్కుని ఒక పొట్టి వెంట్రుక,
ఏ ఊరి మొక్కో.
పట్టకారుతో తీసి, పారెయ్యడానికి మనసొప్పక
స్క్రూల డబ్బీ మూతలో పెట్టినా.

తొమ్మిదిన్నరకు తెర వెలిగింది.
ఆట తెరిచినా, పనిచేస్తాందా లేదా చూడాల కదా.
ఏటి గట్టు. పొద్దు గూకే వేళ.
బొరుగులు నిలబడి ఉంది.
ఒక కంటికి పువ్వు పడింది, ముందరి కాలికి గుడ్డ కట్టు.
మూలన చిన్న అంకెలు రెండు:
నడిచిన అడుగులు, నిమిరిన సార్లు.
అడుగులు పదకొండు నెలల కిందటే ఆగిపోయినాయి.
నిమరడం మొన్నటి దాకా పెరుగుతానే ఉంది.

ఏరు దాటితే ఏమవుతుందో ఎవరో చెప్పుంటారు.
లేదా ఎవరూ చెప్పక
మూట బరువు, నీళ్ళ లోతు
తానే చూసుకునుంటుంది.

నా బొటనవేలు నీళ్ళ మీద ఉంది. ఒక్క తాకు చాలు.
అది చెవి ఆడించింది.
కాలిన సాల్డరింగు కడ్డీ తగిలినట్టు వేలు లాగేసుకున్నా.

మర్నాడు ఫోను ఇచ్చేస్తి.
డబ్బు లెక్క పెట్టకుండానే ఇచ్చి, అక్కడే నిలబడి
ఒకసారి నిమిరి, మూసి, రవికలో పెట్టుకుంది.

ఆ రాత్రే నా ఫోనులో ఆట దించుకున్నా.
నా గాడిదకు పేరు పెట్టలా.
పేరు లేకుంటే ఏమీ కాదనుకున్నా.
షట్టరు సగం దించి పందొమ్మిది రాత్రులు.
ఇరవయ్యో రాత్రి ఏరు వచ్చింది.
నాకు అక్కకున్న ఓపిక లేదు,
దాటించేస్తి.

అవతలి గట్టున ఏముందో ఇక్కడ రాయను.
తెల్లారి టీ అంగడాయన కండ్లకేమైందప్పా అంటే
సాల్డరింగు పొగ అన్నా.

నెల తరవాత చార్జరు వయిరు కోసం వచ్చింది.
బల్ల మీద నా ఫోను, దాంట్లో ఆ బొమ్మ, చూసేసింది.
"నువ్వూనా? దాటినావా?"
రోడ్డు మీద ఒకటే హారన్లు.
ఫోను బోర్లా తిప్పి
"లేదక్కా, గట్టు మీదే ఉండాది" అన్నా.
కత్తి పెట్టే ముందు తలను చూసినట్టు
నన్ను ఒక నిమిషం చూసింది.
"ఉండనీ. తొందరేముంది."
అరవై రూపాయలు ఇచ్చి, మెట్టు దిగి, మళ్ళీ తిరిగి
"పేరేం పెట్టినావు దానికి?"

"బెల్లం" అన్నా.
అప్పుడే పెట్టినా ఆ పేరు.