డిసెంబరులో కరిగిన ఐసు

బరంపురంలో మూడో అంతస్తు, కామర్సు ల్యాబు.
పద్దెనిమిది కంప్యూటర్లు, పనిచేసేవి పదకొండు.
పిల్లలు ముప్ఫై నలుగురు.
ఎవరూ అడక్కుండానే ఈ భాగహారం చేసుకుని
తెరకి ముగ్గురేసి ఇరుక్కుంటారు.
శేషం ఒకటి:
బనమాలి, కిటికీ దగ్గర నిలబడతాడు.

నాకు పద్దులు నేర్పినాయన
ఎర్రగుడ్డ అట్ట చిట్టాలో వేలు పెట్టి
పైనుంచి కిందికి జార్చుకుంటూ పోయేవాడు.
తప్పున్న చోట ఆ వేలు ఆగేది.
ఎలా తెలిసిందండీ అంటే
"గుచ్చుకుంది" అనేవాడు.
ఈ యేడు సిలబస్సు మారింది.
డేటా అనలిటిక్స్, నాలుగు క్రెడిట్లు.
గుచ్చుకోవడం ఎలాగో నాలుగు క్రెడిట్లలో చెప్పాలి.

పుస్తకం నిండా ఎక్కడెక్కడివో సూపర్‌మార్కెట్లు.
పిల్లల కళ్ళు వాలిపోయాయి.
మీ చుట్టుపక్కల లెక్కలు తెండర్రా అన్నాను.
ఒకడు పట్టుమగ్గాల కూలి తెచ్చాడు,
ఒకమ్మాయి అప్పడాల లెక్క, కాగితానికి ఇంకా ఇంగువ వాసన.
గోపాలపురం నుంచి బస్సులో వచ్చే చోడిపిల్లి నూకరత్నం
మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ లెడ్జర్లు సంచిలో మోసుకొచ్చింది.
పాతకాగితాల కొట్లో
కిలో పద్నాలుగుకి కొన్నానంది.
పదకొండేళ్ళ ఐసు, మొత్తం తొమ్మిది కిలోలు.

ఎక్కించడానికే నెల పట్టింది.
తాతయ్య తెలుగులో ఒకడు, ఒడియాలో ఒకడు,
ఇంగ్లీషు పొడి అక్షరాల్లో మరొకడు.
యంత్రానికి ముగ్గురు బాకీదార్లు.
"కలిపెయ్యమంటారా మేడమ్?"
ఒడ్డుకెళ్ళి అడిగి కలపండి అన్నాను.
ఆదివారం వెళ్ళొచ్చారు.
ముగ్గురూ కాదు, ఒక్కడూ కాదు, ఇద్దరు.
ఆ ఇద్దరికీ మాటల్లేవట.

అప్పుడు కనబడింది ఆ గడి:
"కరిగినది."
వంద దిమ్మలు చేస్తే ఎన్ని నీళ్ళయ్యాయో
గుమస్తా రోజూ రాసేవాడు.
నెలల వారీగా గీత గీసింది నూకరత్నం.
మే నెలలో చిన్న గూను, వందకి ఆరు.
సరే, ఎండలు.
డిసెంబరులో ఒంటె లేచి నిలబడింది,
వందకి పంతొమ్మిది!

"చోరొ!" అన్నాడు బనమాలి కిటికీ నుంచి.
గది మొత్తం నవ్వింది.
నేనూ నవ్వాను, అదే అనుకున్నాను గనక.

నూకరత్నం నవ్వలేదు.
తుఫాను రాని మూడేళ్ళు విడిగా తీసింది.
ఆ డిసెంబర్లలో ఐసు బుద్ధిగా ఉంది, వందకి రెండు.
"అక్టోబరు గాలికి వలలు పోతాయి మేడమ్.
కొత్త వలలకి అప్పు చేస్తారు.
మళ్ళీ ఐసుకి అప్పెవడిస్తాడు?
ఇచ్చి, కరిగింది అని రాసుంటాడు."

గది సద్దుమణిగింది.
దొంగ ఒక్క వాక్యంలో దేవుడైపోతుంటే
నాకే కాస్త భయమేసింది.

ఈసారి బనమాలే అన్నాడు, మెల్లగా:
"గాలి తర్వాత కరెంటుండదు కదా మేడమ్.
మా ఊరికి యాభై రోజులు రాలేదు.
నిజంగానే కరిగిందేమో."

అమ్ముకున్నాడా, పంచాడా, కరిగిందా.
పదకొండు తెరల మీద అదే ఒంటె
ముగ్గురికీ ఒకేలా నిలబడింది.

గుమస్తా సూరత్‌లో ఉన్నాడని ఆరాతీశారు.
మూడోసారికి ఫోనెత్తాడు.
వెనక మరమగ్గాల చప్పుడు.
అడిగిందంతా విన్నాడు.
"ఐసు కదమ్మా. కరిగిపోతాది" అన్నాడు.
పెట్టేశాడు.

యూనివర్సిటీ ఫారంలో చివరి ప్రశ్నకి రెండే గళ్ళు:
మోసం, పొరపాటు.
నూకరత్నం రెండూ వదిలేసి
పక్కన ఖాళీలో, గుమస్తా రాసినట్టే,
తెలుగులో ఒక్క మాట రాసింది.

ఇరవైకి పద్దెనిమిది వేశాను.
బొమ్మలో నిలువు గీతకి పేరు పెట్టనందుకు
రెండు కోత.