రెండో కాల్

క్రాకోవ్. పదిహేడో గేటు.
సీట్లు నూట ఎనభై, అమ్మినవి నూట ఎనభై ఒకటి.
"ఇష్టపడి ఎవరైనా ఆగిపోతారా?"
మైకులో మూడుసార్లు అడిగాను.
అందరూ బూట్ల వంక చూసుకున్నారు.

జాబితా అడుగున పేరు లుడోమిర్ పాహుత్స్కీ.
హక్కుల కాగితం చేతికిస్తే
కళ్లజోడు తుడుచుకుని, నిలబడే,
చివరి చుక్క దాకా చదివాడు.
రెండువందల యాభై యూరోలు, సంతకం.
రాత్రికి గది, సరే. భోజనం కూపను, దానికేముంది, సరే.
"రెండు ఫోన్లు ఉచితమని రాశారే. ఏదీ?"

ఆఫీసు మొబైల్ ఇచ్చాను.
మొదటిది బెర్గెన్‌కి.
"సూప్ మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టెయ్, యద్విగా.
ఒంట్లో బాగానే ఉంది. మిగిలిపోయానంతే."

రెండోదానికి మనిషి తట్టలేదు కాబోలు,
నా బల్ల మీది ఫోనుకి అతికించిన అంకెలు
చూసి చూసి నొక్కాడు.
మోగింది. ఎత్తక ఏం చేస్తాను?
మూరెడు దూరంలో మనిషి, చెవిలో గొంతు:

"పద్నాలుగు-సి సీటుని మాట్లాడుతున్నానమ్మా.
ఇద్దరికిచ్చి చేశారు నన్ను.
ముప్ఫై ఏళ్లు రైలు టికెట్లు కొట్టాను.
మా బండిలోనూ చోటు చాలేది కాదు.
నిలబడి వెళ్లేవాళ్లు.
వెళ్లేవాళ్లు కానీ."

అద్దం అవతల విమానం వెనక్కి జరుగుతోంది.
ఈ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.
పెట్టేయొచ్చు ఫోను.
ఇద్దరం పెట్టలేదు.